పాత మ్యాపులకు ఫ్రేము కట్టించడం: గవర్నర్‌పేటలో ఒక షాపు పనితనం

బెజవాడ గవర్నర్‌పేటలో దేవుడి పటాలకూ పెళ్లి ఫొటోలకూ ఫ్రేములు కట్టే షాపులు పక్కపక్కనే ఉన్న సందు ఒకటుంది. వాటిలో ఒక షాపు పని మీద ఈ రివ్యూ, అదీ వలస పాలన కాలం నాటి పాత మ్యాపులు సేకరించేవాళ్ల కోసం. షాపు పేరు రాయడం లేదు. ఇక్కడ చెప్పే తప్పులు ఆ ఒక్కరివే కావు. ఏలూరు రోడ్డుకు వెళ్లినా, గుంటూరు అరండల్‌పేటకు వెళ్లినా కాస్త అటూ ఇటూగా అవే ఎదురవుతాయి.

ముందే తేల్చేస్తే: చట్రం పనికి అయిదుకు నాలుగున్నర. మౌంటు (మ్యాపు చుట్టూ కనిపించేలా కిటికీ కోసిన అట్ట) కోతకు నాలుగు. కాగితాన్ని చూసుకునే తీరుకు ఒకటి, అదీ మొహమాటం కొద్దీ. కాబట్టి చట్రం, మౌంటు, అద్దం అక్కడ చేయించుకోండి, మ్యాపును మాత్రం షాపు గడప తొక్కనివ్వకండి. కొలతలు రాసిచ్చి, ఖాళీ ఫ్రేము ఇంటికి తెచ్చుకుని, మ్యాపును మీరే లోపల పెట్టుకోవచ్చు. ఒక మధ్యాహ్నం పని.

మన వైపు సేకరణల్లో ఎక్కువగా ఉండేవి కోరమాండల్ తీరం, ఉత్తర సర్కారుల మ్యాపులే. బందరులో ఇంగ్లీషు కంపెనీ 1611లోనే కాలు పెట్టింది, డచ్చివాళ్లు అంతకన్నా ముందే వచ్చారు, ఫ్రెంచివాళ్లు తర్వాత చేరారు. అందుకే యూరప్‌లో అచ్చయిన ఏ తీరపు మ్యాపులో చూసినా మచిలీపట్నం కనిపిస్తుంది, బెజవాడ ఉండొచ్చు, ఉండకపోవచ్చు. 17వ శతాబ్దపు డచ్చి ప్రచురణకర్త బ్లావ్ వేసిన మొఘల్ సామ్రాజ్యపు మ్యాపు కొనే స్తోమత అందరికీ ఉండదు గానీ, ఫ్రెంచి నౌకాదళ మ్యాపుల నిపుణుడు బెలాన్ చేసినవి, 1780లో ఫ్రెంచి రచయిత రేనాల్ గ్రంథానికి తోడుగా వచ్చిన అట్లాసులోని బోన్ మ్యాపులు, 1851 నాటి లండన్ ప్రచురణకర్త టాలిస్ మ్యాపులు ఇప్పటికీ మధ్యతరగతికి అందే ధరల్లోనే ఉన్నాయి. బెలాన్ చిన్న మ్యాపులు చాలావరకు 1746 నుంచి వెలువడిన ఫ్రెంచి రచయిత ప్రెవో యాత్రా సంపుటాల కోసం చేసినవి. పుస్తకంలో మడిచి కుట్టినవి గనుక వాటికి మడతలు ఉండి తీరాలి. ఆ మడతల్ని ‘సాపు చేయించడం’ దగ్గరే ఫ్రేముల షాపులో మొదటి ప్రమాదం మొదలవుతుంది.

దాని సంగతికి ముందు ఒక మాట. మంచి సామాను పెట్టి ఫ్రేము కట్టిస్తే నాలుగైదు వేలు అవుతుంది. అంత ఖర్చు అసలుకు పెట్టాలి గానీ నకలుకు కాదు. పదింతల భూతద్దంలో గీతను చూడండి. రంగు రంగుల చుక్కలు చుక్కలుగా కనిపిస్తే ఆఫ్‌సెట్ అచ్చు, అక్కడితో ఆపేయొచ్చు. రాగి రేకు మీద చెక్కి అచ్చేసినదైతే గీత తెగకుండా నల్లగా ఉంటుంది, సిరా కాగితం మీద కొంచెం పైకి లేచి ఉంటుంది. బొమ్మ చుట్టూ రేకు అంచు కాగితంలోకి దిగిన పల్లం కూడా ఉంటుంది. లైటును పక్క నుంచి వాలుగా వేస్తే ఆ పల్లం స్పష్టంగా తెలుస్తుంది. ఫోన్ టార్చిని కాగితం వెనక పెడితే 18వ శతాబ్దపు కాగితంలో దాదాపు రెండున్నర సెంటీమీటర్లకొకటి చొప్పున నిలువు చారలు, వాటికి అడ్డంగా ఒత్తుగా సన్న చారలు కనిపిస్తాయి. చారలు లేని నున్నటి కాగితం 1757లోనే వచ్చినా విరివిగా వాడకంలోకి రావడానికి ఆ శతాబ్దం చివరిదాకా పట్టింది. ఇక 365 నానోమీటర్ల యూవీ టార్చి. చీకటి గదిలో కాగితం మొత్తం నీలితెలుపుగా మెరిసిపోతే అది 20వ శతాబ్దం నడిమి తర్వాతి కాగితమే. రాతి మీద గీసి అచ్చేసిన లితోగ్రాఫు మ్యాపులకు రేకు పల్లం ఉండదు, అది లేదని 19వ శతాబ్దపు మ్యాపును పారేయకండి.

రంగుల విషయంలో పచ్చరంగు మంచి సాక్షి. పాత పచ్చరంగులో రాగి ఉంటుంది. అది ఏళ్ల తరబడి కాగితాన్ని తింటూ వెనక వైపు గోధుమరంగు మరకగా తేలుతుంది. వెనక మరక ఉంటే రంగు పాతదనడానికి ఆధారం, అదే సమయంలో కాగితం అక్కడ పెళుసుగా ఉందని హెచ్చరిక కూడా. సరిహద్దు రంగుల్లో ఇంకో చిన్న పరీక్ష మన గుంటూరు వాళ్లకే తెలిసేది: గుంటూరు సర్కారు కంపెనీ చేతికి వచ్చింది 1788లో. మిగతా సర్కార్లు అప్పటికే పోయినా, నిజాం సోదరుడు బసాలత్ జంగ్ బతికున్నన్నాళ్లూ ఇది ఆయనకే ఉంచారు. కంపెనీ సర్వేయరు రెన్నెల్ 1782 నాటి మ్యాపు అని చెప్పి, గుంటూరుకు కూడా కంపెనీ రంగే పూసి ఉంటే, ఆ రంగు ఎప్పుడు వేశారని అమ్మేవాణ్ణి అడగడంలో తప్పులేదు. కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ పేరు చెప్పి ‘మెకంజీ చేతి మ్యాపు’ అని ఎవరైనా చూపిస్తే మాత్రం నవ్వి ఊరుకోవచ్చు. అమరావతి మీద ఆయన బృందం చేసిన బొమ్మలే చూడండి, బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

ఇప్పుడు షాపు. చట్రం చేసే మేస్త్రి పని నిజంగా బాగుంటుంది. బీడింగును 45 డిగ్రీలకు కోసి, జిగురు పెట్టి, వెనక నుంచి వీ ఆకారపు మేకులు దించుతాడు. మూలల్లో వెంట్రుక దూరేంత సందు కూడా ఉండదు. టేకు బీడింగు, ఫైబర్ బీడింగు రెండూ ఉన్నాయి. మ్యాపులకు టేకే మేలు. ఫైబర్ తేలిక, చెదలు పట్టదు, ధరలో సగం, కానీ అద్దం బదులు పెట్టే యాక్రిలిక్, మౌంటు, వెనక షీటు అన్నీ పట్టేంత లోతు దానికి ఉండదు. గాడి లోతు కనీసం 12 మిల్లీమీటర్లు ఉండాలి. ఉన్న బీడింగుల్లో అంత లోతువి రెండే రకాలు, అవి లోపలి గదిలో ఉంటాయి. అడిగితేనే తీస్తారు.

మ్యాపును చేతికిస్తే ఏం చేస్తారో కూడా తెలిసి ఉండాలి. మడతలు కనిపించగానే తడి గుడ్డ వేసి ఇస్త్రీపెట్టె పెడతారు. తడికి చేతి రంగులు కారతాయి, వేడికీ ఒత్తిడికీ రేకు పల్లం చదునైపోతుంది. పల్లం పోయిన రాగి అచ్చు మ్యాపును తెలిసినవాడు నకలేమోనని అనుమానంగా చూస్తాడు, ధర కూడా అలాగే పలుకుతుంది. తర్వాత మ్యాపు వెనక ఫెవికాల్ పూసి ఎండీఎఫ్ చెక్కకు అతికిస్తారు. ఎండిన ఫెవికాల్‌ను కాగితం చిరగకుండా తీయడం నిపుణుడికీ కష్టమే. “అదంతా ఎందుకండీ, ల్యామినేషన్ చేసేద్దాం, వందేళ్లుంటుంది” అనే సలహా కూడా వస్తుంది. ఆ ప్లాస్టిక్ పొర వేడితో కాగితం నారలోకి దిగుతుంది, దాన్ని మళ్లీ తీయలేం. ఇక అంచులు. ఉన్న ఫ్రేము సైజులో పట్టకపోతే తెల్ల అంచును కత్తిరించడం వాళ్లకు చాలా మామూలు విషయం. పాత మ్యాపు ధరలో పెద్ద భాగం ఆ ఖాళీ అంచులోనే ఉంటుందని చెబితే వింతగా చూస్తారు. వాళ్ల తప్పు కూడా కాదు, రోజూ వచ్చేవి వెంకటేశ్వరస్వామి క్యాలెండర్లు.

బైండింగు తెలిసిన పెద్ద మేస్త్రి ఉంటే ఇంకో ముప్పుంది. ఫెవికాల్ వద్దంటే మైదా ఉడికించి, పురుగు పట్టకుండా మైలుతుత్తం కలుపుతాడు. పాత పుస్తకాల బైండింగులో ఇది తరతరాల అలవాటు. మైలుతుత్తం కాగితంలో ఆమ్లాన్ని పెంచుతుంది, దానిలోని రాగి పచ్చరంగు చేసే నష్టాన్నే చేస్తుంది. పైగా మైదాలో పిండిపదార్థంతో పాటు గ్లూటెన్ ఉంటుంది. బొద్దింకలకూ సిల్వర్‌ఫిష్‌కూ అది విందు. గోడ మీద సినిమా పోస్టరుకు మైదా జిగురు చాలు, 1764 నాటి కాగితానికి పనికిరాదు.

అందుకే షాపుకు మ్యాపు కాకుండా కాగితం ముక్క మీద కొలతలు తీసుకెళ్లాలి. లెక్క ఇలా. ఉదాహరణకు బోన్ మ్యాపు ఒకటి కాగితం 39 × 26 సెంటీమీటర్లు, రేకు పల్లం 34 × 23 ఉందనుకుందాం. మౌంటులో కోసే కిటికీ రేకు పల్లం కన్నా ప్రతి వైపూ 8 మిల్లీమీటర్లు ఎక్కువ ఉండాలి, అంటే 35.6 × 24.6. పల్లం పూర్తిగా బయటికి కనిపించాలి, మౌంటు అంచు దాని మీద ఆనకూడదు. కిటికీ దాటి మౌంటు కిందకు వెళ్లే కాగితం పొడవు వైపు 1.7, వెడల్పు వైపు 0.7 సెంటీమీటర్లు మిగులుతుంది. అయిదు మిల్లీమీటర్ల కన్నా తక్కువ మిగిలితే కాగితం జారి కిటికీలోంచి బయటికి వస్తుంది. అప్పుడు కిటికీని ఇంకా పెద్దది చేసి, కాగితం అంచులు కూడా నాలుగు వైపులా కనిపించేలా పెట్టడమే మార్గం. మౌంటు వెడల్పు పక్కలకూ పైనా 6.5, కింద 7.5 తీసుకుంటే మౌంటు మొత్తం 48.6 × 38.6 వస్తుంది. చట్రం గాడి దానికన్నా 3 మిల్లీమీటర్లు ఎక్కువ, అంటే 48.9 × 38.9. బిగుతుగా కోస్తే వానాకాలంలో మౌంటు ఉబ్బి విల్లులా వంగుతుంది.

షాపులో అన్నీ అంగుళాల్లో రాసుకుంటారు, అదీ పావు అంగుళానికి సర్దేసి. పావు అంగుళమంటే ఆరు మిల్లీమీటర్లు, రేకు పల్లం చుట్టూ మీరు వదిలిన సందు చాలావరకు దానికే పోవచ్చు. సెంటీమీటర్లలో రాసిచ్చి, టేపును సెంటీమీటర్ల వైపు తిప్పించి, మౌంటు బోర్డు మీద పెన్సిలు గీతలు గీసేదాకా నిలబడండి. మౌంటు కోసే కుర్రాడి చేయి మంచిది, ఏటవాలు కోత ఎక్కడా వణకదు. మూలల్లో మాత్రం గీత దాటి కత్తి ఒక మిల్లీమీటరు ముందుకు పోతుంది. కొత్త బ్లేడు వేయించి, మొదట చెత్త ముక్క మీద ఒక మూల కోసి చూపించమంటే విసుక్కోకుండా చూపిస్తాడు.

బోర్డు మాత్రం మీదే ఉండాలి. షాపులో ఉన్న మౌంటు బోర్డులన్నీ చెక్క గుజ్జువి. కోత దగ్గర లోపలి పొర తెల్లగానే ఉంటుంది గానీ కొన్నేళ్లలో పసుపు, తర్వాత గోధుమరంగుకు తిరుగుతుంది. ఆ బోర్డు తాకిన చోటల్లా మ్యాపు మీద కిటికీ ఆకారంలో గోధుమరంగు చార పడుతుంది. ఆమ్లాన్ని చూసే పెన్నుతో గీత గీస్తే తేలిపోతుంది: ఊదారంగు నిలిస్తే పర్వాలేదు, పసుపుకు మారితే వద్దు. ‘యాసిడ్ ఫ్రీ’ అని స్టిక్కరున్న బోర్డు కూడా పైకాగితం వరకే ఆమ్లం లేనిదై ఉండొచ్చు, కోసిన అంచు మీద గీసి చూడాలి. నూరు శాతం నూలు గుజ్జు బోర్డు, దాదాపు ఒకటిన్నర మిల్లీమీటర్ల మందంది, ఆన్‌లైన్‌లో తెప్పించుకుని రెండు షీట్లు ఇవ్వండి. ఒకటి కిటికీకి, ఒకటి మ్యాపు వెనక ఆనడానికి. కత్తిరించగా మిగిలిన ముక్కలు అడిగి తెచ్చుకోండి, తర్వాత పనికొస్తాయి.

వెనక మూతకు ఎండీఎఫ్ అసలు వద్దు. దానిలోని జిగురు నుంచి ఆమ్లపు ఆవిర్లు ఏళ్ల తరబడి వస్తూనే ఉంటాయి. హార్డుబోర్డూ అంతే. దీనికి చవకైన మందు మన ఫ్లెక్సీ షాపుల్లోనే ఉంది: సన్‌ప్యాక్ షీటు. ఎన్నికల బోర్డులకు వాడే ఆ గాళ్లున్న ప్లాస్టిక్ షీటు పాలీప్రొపిలీన్, ఆమ్లం లేదు, తేమ పట్టదు, చెదలు ముట్టదు. అచ్చు వేయని కొత్త తెల్ల షీటు, 3 మిల్లీమీటర్లది తీసుకోండి. ఫోమ్‌తో చేసిన సన్‌బోర్డు వేరు, దాన్ని ఇచ్చేస్తారు జాగ్రత్త.

అద్దం సంగతి కాస్త ఖర్చుతో కూడుకున్నది. మామూలు 2 మిల్లీమీటర్ల గాజు అతినీలలోహిత (యూవీ) కిరణాల్లో కొంత భాగాన్నే ఆపుతుంది. చేతిరంగు మ్యాపుకు యూవీ రక్షణ ఉన్న యాక్రిలిక్ షీటు మంచిది. షాపులో దొరకదు, తెచ్చిస్తే కోసి పెడతారు. రెండు వైపులా ఉన్న రక్షణ పొరను బిగించే నిమిషం దాకా తీయవద్దని గట్టిగా చెప్పండి, ముందే పీకేసి గీతలు పడేసే అలవాటుంది. అమ్మోనియా ఉన్న గ్లాస్ క్లీనరుతో తుడిస్తే యాక్రిలిక్ మసకబారుతుంది. మెరుపు లేని గరుకు గాజు వద్దు, మౌంటు మందం వల్ల మ్యాపుకు దూరంగా ఉండి సన్న అక్షరాలు మసకేస్తాయి. ఏ అద్దమైనా కాగితాన్ని తాకకూడదు. తాకిన చోట తేమ చేరి, బూజు పట్టి, చివరికి సిరా అద్దానికి అంటుకుపోతుంది.

ఇక ఇంట్లో చేసే పని. చిన్న మ్యాపులకు జిగురే అక్కర్లేదు. ఆమ్లం లేని కాగితంతో నాలుగు మూలలకు త్రికోణపు జేబులు మడిచి, వాటిని వెనక బోర్డుకు అతికించి, మ్యాపు మూలల్ని వాటిలో దోపితే సరిపోతుంది. మౌంటు జేబుల్ని కప్పేస్తుంది. 40 సెంటీమీటర్లు దాటిన షీటుకు పైఅంచున రెండు జపనీస్ టిష్యూ (పల్చగా ఉన్నా గట్టి నారలున్న కాగితం) పట్టీలు పెట్టాలి. ఒక్కోటి 4 సెంటీమీటర్ల పొడవు, రెండు వెడల్పు, అంచులు కత్తితో కోయకుండా నీటి గీత గీసి చింపితే నారలు పొడుచుకొచ్చి అతుకు మెత్తగా ఉంటుంది. పట్టీ మ్యాపు వెనకకు నాలుగైదు మిల్లీమీటర్లే ఎక్కాలి. మిగతాది బోర్డు మీదకు వెళుతుంది, దాని మీద అడ్డంగా ఇంకో టిష్యూ. పట్టీ పచ్చరంగు మరక ఉన్న చోట పడకుండా చూడండి, కాగితం అక్కడే విరుగుతుంది.

జిగురుకు గ్లూటెన్ తీసేసిన గోధుమ స్టార్చి ఒక భాగం, డిస్టిల్డ్ వాటర్ అయిదు భాగాలు. అరగంట నానబెట్టి, సన్న సెగ మీద తిప్పుతూనే పాతిక నిమిషాలు ఉడికిస్తే తెల్లటి ముద్ద కాస్తా పారదర్శకంగా మారుతుంది. చల్లారాక జల్లెడలో రెండుసార్లు వత్తి, కొంచెం నీళ్లతో పల్చన చేసుకోవాలి. బ్రష్షుకు తక్కువగా అంటించండి, ఎక్కువైతే తడికి మ్యాపు ముందు వైపు ముడత లేస్తుంది. అతికించాక బ్లాటింగు పేపరు, దాని మీద గాజు ముక్క, బరువు, గంటసేపు. మిగిలిన జిగురు బయట ఉంచితే మన ఎండల్లో తొందరగా పులిసిన వాసనే, పారేయండి. పట్టీలు పైన రెండే. నాలుగు వైపులా అతికిస్తే తేమకు సాగే కాగితానికి చోటు లేక మధ్యలో బుడగలా లేస్తుంది.

గుడ్డ మీద ముక్కలుగా అతికించి మడుచుకునేలా చేసిన పెద్ద మ్యాపులు వేరే జాతి. వాటి బరువుకు రెండు పట్టీలు ఆగవు, ముక్కల మధ్య గుడ్డ సందుల్ని దగ్గరికి లాగకూడదు. వాటిని పాలియెస్టర్ కవరులో పరిచి డ్రాయరులో ఉంచడమే మా సలహా. పీవీసీ కవరు మాత్రం వద్దు.

మూసేటప్పుడు అద్దం, కిటికీ మౌంటు, మ్యాపు ఉన్న బోర్డు, సన్‌ప్యాక్ ఈ నాలుగింటినీ ఒక కట్టగా పేర్చి అంచుల చుట్టూ ఫ్రేమింగ్ టేపు వేసి, అప్పుడు చట్రంలో దించాలి. ఈ కట్టను ఆగస్టు, సెప్టెంబరుల్లో మూస్తే వాన గాలిలో తేమంతా లోపలే ఉండిపోతుంది. గాలిలో తేమ 65 శాతం దాటితే బూజుకు పండగే. డిసెంబరు, ఫిబ్రవరి మధ్య పొడిరోజు చూసుకుని, బోర్డుల్ని ముందు రెండు రోజులు అదే గదిలో ఉంచి మూయండి. చట్రం వెనక కింది మూలలకు రబ్బరు బొడిపెలు పెడితే గోడకూ ఫ్రేముకూ మధ్య గాలి ఆడుతుంది. బాత్రూముతో కలిసిన గోడ, వంటింటి గోడ, పడమటి కిటికీ ఎదురు గోడ మూడూ పనికిరావు. మేలో బెజవాడ ఎండ సంగతి ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. వెనక ఒక కవరులో కొన్న రశీదు నకలు, మ్యాపు పేరు, ఏడాది రాసి పెట్టండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన పురాతన వస్తువును సొంతంగా దేశం దాటించకూడదు. బాగుచేయించడానికి విదేశాలకు పంపే ఆలోచన ఉంటే మానుకోండి.

ధరల మాటకొస్తే, పైన చెప్పిన సైజుకు అంగుళం వెడల్పు టేకు చట్రం కూలీతో కలిపి 1,300 రూపాయలు, ఫైబర్ అయితే 600 లోపే. బోర్డు మనదైతే మౌంటు కోతకు 150, యాక్రిలిక్ కోసిచ్చినందుకు 100. బేరం ఆడితే యాభై తగ్గుతుంది గానీ కొత్త బ్లేడు కూడా తగ్గిపోతుంది. సమయం నాలుగు రోజులంటారు, వారం పడుతుంది. దసరాకు ముందు, పెళ్లిళ్ల ముహూర్తాలప్పుడు ఇవ్వకండి, ఫొటో ఫ్రేముల హడావిడిలో మౌంటును రోజూ కోసే కుర్రాడు కాక కొత్త పిల్లవాడు కోస్తాడు. తెచ్చుకునే ముందు అక్కడే రెండు మూలమట్టం కొలతలు చూడండి. చట్రం గాడిలో ఒక మూల నుంచి ఎదుటి మూలకు, మళ్లీ రెండో వైపు కొలిస్తే రెండూ సమానం ఉండాలి. రెండు మిల్లీమీటర్లు తేడా వస్తే వెనక్కి ఇచ్చేయండి, మాట అనకుండా మళ్లీ చేస్తారు. అది ఈ షాపులో మెచ్చుకోవలసిన గుణం.

గుంటూరు తీసుకెళ్లేవాళ్లు ఖాళీ ఫ్రేమునే తీసుకెళ్లి అక్కడ మూసుకోవడం నయం. గాజు పెట్టించుకుంటే దాని మీద మాస్కింగ్ టేపు అడ్డదిడ్డంగా అంటించండి, పగిలినా ముక్కలు చెదరవు. యాక్రిలిక్ మీద టేపు అంటించకండి, దాని పొరే దానికి చాలు. బస్సులో సీటు కింద పడుకోబెట్టడం కన్నా కాళ్ల మధ్య నిలబెట్టి పట్టుకోవడం మేలు.